ఛీ మేస్త్రి అల్లుడి బండి

ఆ వీధిలో అతన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఛీ మేస్త్రి అంటారు. పొద్దున్నే షెడ్డు షట్టరు పైకెత్తి, లోపల నిలబడి ఉన్న బండిని ఎగాదిగా చూసి "ఛీ" అంటాడు. దాంతో వీధికి తెల్లవారినట్టు. పక్క కొట్లో టైర్లమ్మే ఆయన ఆ మాట చెవిన పడ్డాకే టీకి లేస్తాడు.

మేస్త్రిది కొండలూ గుట్టలూ ఎక్కే జీపులకి ఇనపపని. సెలవులొస్తే పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని వందల మైళ్ళు పోయి, ఏ అడవి అంచునో గుడారం వేసుకుని పడుకుందామనుకునే సంసారులు బండి తెచ్చి అతని ముందు పెడతారు. నెత్తిన సామాను క్యారియరు, వెనక సీటు మడిస్తే పడుకోవడానికి బల్ల, నీళ్ళ ట్యాంకు, గిన్నెలు దొర్లిపోకుండా సొరుగులు. ముప్ఫై ఏళ్ళుగా ఇవే చేస్తున్నాడు. చేస్తున్నంత కాలమూ అసహ్యించుకుంటూనే ఉన్నాడు. పనిని కాదు, ఆ పని చేయించుకునే మగవాళ్ళని.

అసహ్యించుకోక ఏం చేస్తాడు? వాళ్ళకి కావలసింది ప్రయాణం కాదు, బండికి ఆనుకుని ఫొటో. ఒకాయన నదులు దాటడానికి ఇంజనుకి పొడుగాటి గాలిగొట్టం పెట్టించుకున్నాడు. వానొస్తే వీధి చివర నిలిచిన మడుగు చూసి బండి వెనక్కి తిప్పుకుపోతాడు. ఇంకొకాయన తలుపు మీద కొండల బొమ్మ అతికించుకున్నాడు, అసలు కొండ చూస్తే కళ్ళు తిరుగుతాయట. మరో మహానుభావుడు చక్రాల చుట్టూ బురద చిమ్మినట్టు రంగు కొట్టమన్నాడు. ఆ రోజు మేస్త్రి "బురద కావాలంటే బయటికెళ్ళి తొక్కండి సార్, ఊరికే దొరుకుతుంది" అని మొహం మీదే అనేశాడు.

ఇన్ని తిట్లు తిని కూడా జనం అతని దగ్గరికే రావడానికి కారణం ఒకటుంది. బండి చేతికిచ్చే ముందు అతను ఒక పట్టు పడతాడు. డీజిలు నిండా కొట్టించి, నీళ్ళ ట్యాంకు నింపి, సామాను సర్ది, ఇంటిల్లిపాదినీ ఎక్కించి రమ్మంటాడు. కంకర లారీల్ని తూచే కాటా ఒకటి ఆ రోడ్డు చివరే ఉంది. దాని మీదికి ఎక్కిస్తాడు. సొంత బరువుతో కలిపి బండి తూకం ఎంత దాటకూడదో కంపెనీవాళ్ళు తలుపు సందులో రేకు మీద కొట్టి ఉంచుతారు. కాటా అంకె ఆ అంకెని దాటిందా, అక్కడికక్కడే పానా తీసి ఏదో ఒకటి ఊడబీకుతాడు. ఎంత పెద్దమనిషి బండయినా సరే. ఒకసారి ఒక బడి హెడ్మాస్టరు బండికి తనే బిగించిన ఇనప బంపరు కాటా మీదే విప్పేసి, "రేకు మీద అంత పెద్ద అక్షరాలుంటే చదవలేకపోయారు, మీరు పిల్లలకేం చదువు చెబుతారండీ" అన్నాడు. హెడ్మాస్టరు తిట్టుకుంటూ వెళ్ళి, మర్నాడు తన తమ్ముడి బండి పంపించాడు.

మేస్త్రికి ఒక్కతే కూతురు. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా షెడ్డుకి వచ్చి, కనపడిన ప్రతి బండినీ చూపించి "నాన్నా, ఇది ఎక్కొచ్చా?" అని అడిగేది. ఎక్కొచ్చంటే ఎక్కి గంతులేసేది, ఆగమంటే ఆగేది. పెళ్ళయి ఇద్దరు ఆడపిల్లల తల్లయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆఫీసువాళ్ళు పంపే కారెక్కాలన్నా, టైరు కాస్త అరిగినట్టు కనపడితే చాలు, తండ్రికి ఫోను కొడుతుంది. లోకంలో ఎవరేమనుకున్నా మేస్త్రికి లెక్కలేదు. ఆ ఫోను రాకపోతే మాత్రం అతనికి అన్నం సయించదు.

ఒకప్పుడు ఏడు నెలలు రాలేదు. పెళ్ళయిన కొత్తలో అల్లుడు బండి వెనక్కి తీస్తూ షెడ్డు గోడకి తగిలించాడు. మేస్త్రి ఊరుకోలేక వీధిలో పదిమంది ముందూ "వీడికి స్టీరింగు ఎవడిచ్చాడు? ఛీ!" అన్నాడు. అల్లుడు నవ్వేసి ఊరుకున్నాడు గానీ కూతురు ఊరుకోలేదు. ఏడు నెలలు పుట్టింటి గుమ్మం తొక్కలేదు, తండ్రి గొంతు వినలేదు. తిరిగి రాకపోకలు మొదలైన రోజున మేస్త్రి భార్య గట్టిగా చెప్పింది. "ఊరందర్నీ తిట్టుకోండి, నాకేం? అల్లుడి దగ్గర మాత్రం ఒకటే మాట. అలాగే అల్లుడుగారూ. అంతకు మించి మీ నోటి నుంచి ఇంకో ముక్క రాకూడదు."

ఆనాటి నుంచి ఆ నోరు అల్లుడి ముందు పెగలలేదు. ఇంతలో అల్లుడికీ ఆ పిచ్చి పట్టుకుంది. పాత జీపొకటి కొని, సెలవులకి పదిహేను రోజుల ప్రయాణమని, తీసుకొచ్చి మామగారి షెడ్డులోనే పెట్టాడు.

అల్లుడు చెడ్డవాడు కాదు. పెళ్ళాన్ని ప్రేమగా చూసుకుంటాడు, పిల్లలకి తనే జడలు వేస్తాడు. కాకపోతే రోజుకో వీడియో చూస్తాడు. చూసిందల్లా కావాలంటాడు. మొదట క్యారియరు అడిగాడు, బల్ల అడిగాడు. బాగానే ఉంది. తరవాత ముందుకి ఇనప బంపరు.

"అలాగే అల్లుడుగారూ."

బంపరుకి వించి. అంటే బండి ఎక్కడైనా దిగబడితే తాడుతో పైకి లాక్కునే మోటారు. నలభై కిలోల ముద్ద.

"బండి దిగబడితే ఎలా మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

ఇంత బరువేస్తే దిగబడక ఏం చేస్తుంది అని మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగబట్టి "అలాగే" అన్నాడు.

రెండో స్టెప్నీ. నెత్తిన వరసగా లైట్లు బిగించిన బద్ద. చివరికి ఫ్రిజ్జూ, దానికొక విడి బ్యాటరీ. ఆ రోజు మేస్త్రి టైర్లాయన కొట్లో కూలబడి కక్కేశాడు. "ఇంట్లో ఉన్నది చాలదట, ఇంకో ఫ్రిజ్జుకి ఊళ్ళు చూపిస్తాట్ట! పిల్లలు పడుకోవాల్సిన బల్లలో మూరెడు దానికే పోయింది. చిన్నది కాళ్ళెక్కడ పెట్టుకుంటుంది? ఫ్రిజ్జులోనా? థూ!"

"మరి చెప్పరాదూ?" అన్నాడు టైర్లాయన.

"చెప్పి? ఇంకో ఏడు నెలలా?"

ఇనుము చేత్తో ఎత్తి బరువు చెప్పగల మనిషి అతను. ఫ్రిజ్జు బిగించిన సాయంత్రమే లెక్క తేలిపోయింది. నలుగురూ సామానుతో ఎక్కితే బండి రేకు మీది అంకెని దాటుతుంది. ఎంతో కాదు, కానీ దాటుతుంది. ఇంకా అల్లుడు అడిగిన, బండి నెత్తిన మడతపెట్టే టెంటు రావాల్సి ఉంది, అదో అరవై అయిదు కిలోలు. తెలిసీ తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. పైగా మనసుకి ఒక సాకు చెప్పుకున్నాడు: ఎలాగూ చివర కాటా ఉంది కదా, నేనెందుకు చెడ్డ కావడం, అది చెబుతుందిలే. ముప్ఫై ఏళ్ళు ఎవరి మొహం మీద పడితే వాళ్ళ మొహం మీద అనేసిన మనిషి ఒక కాటా పలక వెనక దాక్కున్నాడు. తలుచుకుంటే అతనికే రోతగా ఉండేది, అందుకే తలుచుకునేవాడు కాదు.

టెంటు ఇంకా రాకముందే ఒక ఆదివారం అల్లుడు వచ్చి, ఒక్క రాత్రి ఎలా ఉంటుందో చూసొస్తామన్నాడు. కూతురు, పిల్లలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. గుట్ట మీదికి పోయి రావడం, అంతే. మేస్త్రి నోరు తెరిచి, మూసుకుని, గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. వాళ్ళు సోమవారం తిరిగొచ్చేదాకా మెతుకు ముట్టలేదు. బండి రాగానే చక్రాల దగ్గర వంగి చూశాడు. బ్రేకులు మాడిన కంపు గుప్పున కొట్టింది. వెనక కమాను పట్టీలు అణగారి తిరగబడేట్టున్నాయి. కొత్త బ్రేకు లైనింగులు వేసి, నోరు మెదపకుండా చేతులు కడుక్కున్నాడు.

ఆ పై వారం టెంటు బిగించాడు. అందరూ కాటాకి బయల్దేరారు.

కాటా అతను కిటికీ లోంచి అంకె చదివాడు. "రెండువేల ఆరువందల తొంభై." రేకు మీద ఉన్నది రెండువేల అయిదొందలు.

అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. మేస్త్రి మాత్రం లోలోపల ఊపిరి పీల్చుకున్నాడు. చెప్పాల్సింది కాటా చెప్పేసింది. ఇక అల్లుడు తనంతట తనే తలపట్టుకుంటాడు, తాను పెద్దరికంగా పానా తీస్తే సరిపోతుంది.

అల్లుడు కాసేపు గడ్డం గోక్కుని, "ఒక్క నిమిషం అందరూ దిగండి" అన్నాడు. తనూ దిగాడు. వెనక రెండు లారీలు హారను కొడుతున్నాయి.

"రెండువేల నాలుగొందల తొంభై అయిదు" అన్నాడు కాటా అతను.

"చూశారా మామయ్యగారూ!" అల్లుడి మొహం వెలిగిపోయింది. "బండి కరెక్టుగానే ఉంది. మనుషులే ఎక్కువైపోయారు."

మేస్త్రికి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. ఇంతకాలం ఎంతమందిని చూశాడు, ఎన్ని వెధవ మాటలు విన్నాడు, ఈ మాట ముందు అవన్నీ దిగదుడుపే.

"అమ్మా, మేం ఎక్కువైపోయామా?" అంది పెద్ద మనవరాలు.

కూతురు మొగుడి వైపు చూడలేదు. తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, నీకిప్పుడే తెలిసిందా ఇది?"

అబద్ధం చెప్పడానికి అదే సమయం. అవునమ్మా అంటే అయిపోయేది. కానీ కూతురి ముందు అబద్ధం అతని నోట పలకలేదు.

"లేదమ్మా."

"మరెప్పుడు?"

"ఫ్రిజ్జు పెట్టిన రోజు."

ఆమె వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టింది. ఒక వేలి దగ్గర ఆగిపోయింది.

"అయితే గుట్ట మీదికి వెళ్ళిన రోజున నీకు తెలుసు. వచ్చేటప్పుడు మలుపులో బ్రేకు పట్టలేదు నాన్నా. పాత బండి కదా అనుకున్నాను. చిన్నది నా ఒళ్ళోనే ఉంది." ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపావు."

"మీ ఆయన్ని ఏమైనా అంటే నువ్వు మళ్ళీ..."

"ఆయనకి తెలీదు నాన్నా. నీకు తెలుసు."

మేస్త్రి నిలువునా కుంగిపోయాడు. బురద రంగు కొట్టించుకునేవాడూ, కొండబొమ్మ అతికించుకునేవాడూ, వీళ్ళెవరూ ఒక పసిదాన్ని తెలిసి గుట్ట ఎక్కించలేదు. తన మీద తనకే ఏవగింపు పుట్టింది. పానాల పెట్టె తెరిచి నేరుగా బండి ముందుకి వెళ్ళాడు.

"మామయ్యగారూ, వించి మాత్రం..." అన్నాడు అల్లుడు.

"అల్లుడుగారూ, నోరు మూసుకుని ఆ పక్క పట్టుకోండి!"

లారీ డ్రైవర్లు కూడా హారన్లు ఆపారు. అల్లుడు రెండు అడుగులు వేసి, బుద్ధిగా ఆ పక్క పట్టుకున్నాడు. వించి దిగింది, బంపరు దిగింది, స్టెప్నీ, లైట్ల బద్ద, బ్యాటరీ, చివరికి ఫ్రిజ్జు. కాటా పక్కన పాత సామాను కొట్టులా పోగుపడింది. చెమటలు కక్కుతూ అల్లుడు అన్నాడు:

"ఇంతేనా? ముందే ఒక్క మాట అంటే సరిపోయేది కదండీ. నేనేం కాదంటానా?"

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండుననిపించింది మేస్త్రికి. ఇన్నాళ్ళూ భయపడి మింగిన మాటకి అవతల ఏ ఉపద్రవమూ లేదు. అతను చేతులు గుడ్డకి తుడుచుకుని, వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కమ్మా. ఇప్పుడు ఎక్కొచ్చు."

కూతురు ఎక్కలేదు. పిల్లలిద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని కాటా పలక మీదికి వచ్చింది. మొగుణ్ణీ రమ్మని, బండి పక్కనే నలుగురూ నిలబడ్డారు. బండి ఎక్కకపోయినా తూకం తూకమే.

"ఎంతొచ్చిందండీ?" అని కిటికీ వైపు అడిగింది.

"రెండువేల నాలుగొందల అరవై అయిదమ్మా."

ఆమె వంగి, తలుపు సందులో రేకు మీద వేలు పెట్టి, అంకె తనే చదువుకుంది. ఒకసారి కాదు, రెండు సార్లు. మేస్త్రి పలక బయట నిలబడి అదే తలుపు పట్టుకుని, ఆమె తల ఎత్తి ఎక్కొచ్చా అని అడిగితే చెబుదామని ఎదురుచూస్తున్నాడు. ఆమె తల ఎత్తి, మళ్ళీ కిటికీ వైపే తిరిగింది.

"మీ కాటా సరిగ్గానే చూపిస్తుందా అండీ?" అని అడిగింది. కాటా అతను అవునన్నాక పిల్లల్ని ఎక్కించింది.