మోగని హారన్ ఆపమన్న పిల్ల

అన్నం పెట్టిన స్టీరింగ్ మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించి చెప్పడం లేదు. కల్పించే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, మధ్యలో మాత్రం నన్ను ఆపకండి.

అప్పట్లో నారాయణపేటలో ఒక చీరల సావుకారు దగ్గర కారు నడిపేవాణ్ణి. ఆయనకు బేరాలు, నాకు జాగరణలు. ఆ వారం ఆయన్ని ఊళ్ళన్నీ తిప్పి తిప్పి, వరసగా రాత్రుళ్ళు కన్ను మూయలేదు. తిరిగి వచ్చే దారిలోనే హారన్ మూగబోయింది. నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొద్దున చూద్దాం లెమ్మని ఇంటి ముందు కారు పెట్టి, చెప్పులైనా విప్పకుండా మంచం మీద పడ్డాను.

అప్పుడే ఎవరో తలుపు బాదారు.

మా వాడకట్టు ఎల్లప్ప. మగ్గం నేసేవాడు. చేతుల మీద కూతురు లచ్చిమి, పెళ్ళీడు పిల్ల. చీకట్లో మగ్గం గుంతలో కాలు పెట్టిందట. కట్లపాము.

"రాజన్నా, పాలమూరు దవాఖానకు తీస్కపో. పిల్లను నిద్రపోనియ్యద్దన్నరు. పండుకుంటే ఇగ లేవదన్నరు."

సావుకారును అడగలేదు. అడిగే టైము లేదు. పిల్లను వెనక సీట్లో పడుకోబెట్టి, తల ఎల్లప్ప ఒళ్ళో పెట్టి, బండి తీశాను.

కట్లపాము కరిస్తే పెద్దగా నొప్పి ఉండదు. దాని దుర్మార్గమే అది. నిద్ర వచ్చినట్టు రెప్పలు వాలిపోతాయి. ఆ పిల్ల రెప్పలు వాలుతున్నాయి. నిజం చెప్పాలంటే నావీ వాలుతున్నాయి. ఎల్లప్ప ఆమె చెంపల మీద తడుతుంటే ఆ చప్పుడుకు నేను ఉలిక్కిపడి కళ్ళు తెరిచేవాణ్ణి.

"హారన్ కొట్టు రాజన్నా. గా మోతకన్న మేల్కొంటది."

"అది పనిచేస్తలేదు."

"జర కొట్టి చూడు."

నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఏమీ లేదు...

మరికల్ దాటాక రోడ్డు మీద బండ్ల వరస తగిలింది. పాలమూరు మార్కెట్‌కు పోయే పల్లికాయ బండ్లు. ఎడ్లకు దారి తెలుసు కాబట్టి తోలేవాళ్ళందరూ బస్తాల మీద గుర్రుకొడుతున్నారు. హారన్ కొడితే లేచి పక్కకు తీస్తారు. లేకపోతే తెల్లారేదాకా వాళ్ళ వెనకే పాకాలి. రోడ్డు ఇరుకు, రెండు పక్కలా కాలవ. అరిచాను. చక్రాల మోతలో నా అరుపు నాకే వినపడలేదు.

కారు ఆపి బానెట్ ఎత్తాను. టార్చి పళ్ళ మధ్య పెట్టుకున్నాను. ఫ్యూజు బాగానే ఉంది. వైరు ఎక్కడా తెగలేదు. చివరికి బ్యాటరీ నుంచి నేరుగా ఇంకో వైరు లాగి హారన్‌కు తగిలించాను. నిప్పురవ్వ వచ్చింది. మోత రాలేదు. పానాతో ఒకటి తగిలించాను. టక్‌మంది, అంతే. చిరాకు పుట్టి ఆ వైరూ ఈ వైరూ రెండూ ఊడబీకి పక్కకు మడిచేశాను. ఇది గుర్తుపెట్టుకోండి. నా చేత్తో నేనే ఊడబీకాను.

ఇక దిగి ఒక్కొక్కణ్ణి లేపుకుంటూ పోవాలి. వెనక ఎల్లప్ప పిలుస్తూనే ఉన్నాడు.

"లచ్చిమీ... కండ్లు తెరువు బిడ్డా... నాయినను చూడు..."

జవాబు లేదు.

ఆఖరి బండికి ఇంకాస్త దగ్గరగా పోయి దిగుదామని కారు కదిలించాను.

అప్పుడు... ఆ ఆఖరి బండి... మెల్లగా పక్కకు జరిగింది.

దాని ముందుది కూడా జరిగింది. ఆ ముందుది కూడా. ఎడ్ల మెడలో గంటలు గలగలమన్నాయి. ఎక్కడో ఇరుసు కిర్రుమంది. బస్తాల మీద ఒక్కొక్క తలే పైకి లేస్తోంది. ఒకాయన రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాడు. నేను పక్కకు రాగానే నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏందయ్యా, గా కొట్టుడేంది? ఎడ్లు బెదురుతున్నయి. జరుగుతనే ఉన్నం గద. ఇగ ఆపు."

నా చేతులు చూసుకున్నాను. రెండూ స్టీరింగ్ అంచు మీద ఉన్నాయి. హారన్ గుండీ మీద ఏదీ లేదు. చెవులు రిక్కించాను. ఇంజను మోత... గంటలు... అంతే. ఇంకేమీ లేదు.

"ఎల్లప్పా, నీకేమన్న ఇనవడుతుందా?"

"ఏంది?"

"హారన్."

"లేదే."

అప్పుడు వెనక నుంచి, చాలా సన్నగా...

"మామా... జర ఆపు. చెవులు పగులుతున్నయి. నిద్ర వడ్తలేదు."

వెనక్కి తిరిగి చూశాను. ఎంత తట్టినా తెరుచుకోని కళ్ళు... సగం తెరుచుకుని నన్నే చూస్తున్నాయి.

నేనేం ఆపుతాను? ఏం మోగుతోందని ఆపుతాను? భయం వేసింది. చచ్చేంత భయం వేసింది. అయినా కాలు తీయలేదు, తొక్కాను. బండ్లన్నీ దారి ఇచ్చాయి. దేవరకద్రలో ఇళ్ళ ముందు మంచాల మీద పడుకున్నవాళ్ళు లేచి కూర్చుని మా వైపు చూశారు. లచ్చిమి దారి పొడుగునా ఆపమని బతిమాలుతూనే ఉంది. అలా బతిమాలినంతసేపూ మేలుకునే ఉంది.

దవాఖానలో డాక్టరు ఇంజెక్షన్లు ఇచ్చాడు. బాగా పొద్దెక్కాక వచ్చి రెప్పలు ఎత్తి చూసి, గండం గడిచింది, ఇక పడుకోనివ్వండి అన్నాడు. ఎల్లప్ప గోడకు ఆనుకుని అలాగే జారి కూలబడ్డాడు. నాకూ కూలబడాలనే ఉంది.

పిల్లకు మాత్రం నిద్ర రాలేదు. తల అటూ ఇటూ తిప్పుతోంది. ఏడుస్తోంది.

"నాయినా, బయట ఇంక కొడ్తనే ఉన్నరు. మామకు చెప్పు."

"నేను ఈడనే ఉన్న బిడ్డా," అన్నాను, మంచం పక్క నుంచి.

నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"నువ్వు ఈడ ఉంటే... మరి గాడ కొడ్తున్నదెవరు?"

పట్టపగలు. చుట్టూ జనం. అయినా నా ఒళ్ళు జలదరించింది. లేచి బయటికి వచ్చాను. కారు వేపచెట్టు కింద ఉంది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు. బానెట్ ఎత్తితే వైర్లు నేను మడిచినట్టే ఉన్నాయి. హారన్ విప్పేద్దామని పానా తీశాను. వెనకే వచ్చిన ఎల్లప్ప నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు రాజన్నా. అది మోగవట్టే నా బిడ్డ బతికింది. నువ్వు తీస్తే..."

"డాక్టర్ పండుకోమన్నడు గద."

"డాక్టర్‌కు అది ఇనవడిందా?"

విప్పితే ఏమవుతుందో నాకు తెలియదు. విప్పకపోతే ఆ పిల్ల నిద్ర లేక ఏమవుతుందో అదీ తెలియదు. కిటికీలోంచి ఏడుపు వినిపిస్తోంది. నిద్ర కోసం మనిషి ఏడవడం ఎలా ఉంటుందో ఆ పొద్దు నాకంటే బాగా ఎవరికీ తెలియదు. కళ్ళు మండుతున్నాయి. నిలబడితే ఊగుతున్నాను.

"ఎల్లప్పా, పిల్ల అలిసిపోయింది," అన్నాను. "పండుకోనీ."

అతను పట్టు వదల్లేదు, కానీ లాగలేదు కూడా. నా చేతి మీద తన చేయి అలాగే ఉండగా నట్టు తిప్పాను. తుప్పు పట్టిన నట్టు... కరకరమంటూ వచ్చింది. హారన్ నా అరచేతిలో పడింది. వేడిగా ఉంది. ఎండ తగిలి ఉంటుందని మీరంటారు. అక్కడ ఎండ లేదు.

లోపలికి పోయేసరికి లచ్చిమి నిద్రపోతోంది.

ఎల్లప్ప ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. మంచానికి ఆ పక్కన అతను, ఈ పక్కన నేను కూర్చున్నాం. ఊపిరి లోపలికి పోతుంది... ఆగుతుంది... మేమిద్దరం ఆగుతాం... మళ్ళీ బయటికి వస్తుంది. మధ్యాహ్నం గడిచింది. అంత నిద్ర ముంచుకొస్తున్నా నా రెప్ప వాలలేదు. చూపు తిప్పితే నా వల్లే ఏదో అయిపోతుందని భయం. పొద్దు వాలుతుండగా ఆ పిల్ల పక్కకు ఒత్తిగిల్లి, ఆకలవుతుంది నాయినా అంది. ఎల్లప్ప అంతమందిలో బావురుమన్నాడు.

ఆ హారన్ తర్వాత షెడ్డులో చూపించాను. వైరు తగిలించగానే వీధి అదిరేలా మోగింది. దీనికేం రోగం లేదన్నాడు మేస్త్రీ. నేను మాత్రం దాన్ని మళ్ళీ బిగించలేదు.

లచ్చిమికి మక్తల్‌లో పెళ్ళయింది, పిల్లలు కూడా. దవాఖానలో తను అడిగిన మాట ఆమెకు గుర్తు లేదు. నిద్రపోనివ్వకుండా దారి పొడుగునా నేనే హారన్ కొట్టి బతికించానని అందరికీ చెబుతుంది. కాదంటే, ఊరికే వద్దంటున్నవు మామా అంటుంది. ఎక్కడ కనపడ్డా కాళ్ళు మొక్కబోతుంది. నేను వెనక్కి జరుగుతాను. ఆ మొక్కు ఎవరికి పోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.