నా యాప్ చూపించని నీళ్లు

ఎవరో దాచిన డబ్బాను ఫోన్‌లో మ్యాప్ చూసుకుంటా వెతికే ఆట ఒకటుంది, జియోకాషింగ్ అంటారు. ఆదివారం నడకతో పాటు నాకూ మా బావకూ అదొక పిచ్చి. ఈ రోజు డబ్బా గోరంట్ల దగ్గర మా ఊరి చెరువుకు అవతల, గుట్ట మీద ఉండింది.

బావ యాప్ చెరువును నీలంగా చూపించి, కట్ట మీద చుట్టూ తిరిగి పొమ్మనింది. ఆ యాప్‌ను నేనెప్పుడో తీసేసినా. ఏండ్ల తరబడి ఎండిన చెరువును నీలంగా చూపిస్తే ఎట్ల నమ్మేది? నా కొత్త యాప్‌లో శాటిలైట్ ఫోటో ఉంటుంది. చెరువంతా ఎర్రమన్ను, నడిమధ్యన బండ్ల బాట. మేమెప్పుడూ చెరువుకు అడ్డంపడి పోయేవాళ్లమే కదా! బావను అట్లే లాక్కుపోయినా.

కంపచెట్లు దాటి చూస్తే బాట పోయి నీళ్లలో మునిగింది. అయినా ఫోన్‌నే చూసుకుంటా దిగేసినా. ఎప్పుడో ఎండినప్పుడు తీసిన ఆ ఫోటోలో నేను ఎర్రమన్ను మీద ఉన్నా, కాళ్లు మాత్రం నీళ్లలో!

"ఏమప్పా, ఇదేనా నీ బండ్ల బాట?" అన్నాడు బావ.

"మన చెరువులో నీళ్లుంటాయని ఎవురనుకుంటారు బావా!"

బావ చెప్పులు చేత పట్టుకుని తనూ దిగినాడు. డబ్బా సంగతి కాసేపు ఇద్దరికీ గుర్తే రాలేదు.

తర్వాత కట్ట మీదనే తిరిగిపోయి డబ్బా పట్టినాము. ఇంటికొచ్చి ఆ పాత యాప్ మళ్లీ ఎక్కించుకున్నా. ఓడిపోయి ఇంత సంతోషపడింది ఇదే మొదలు.

మీ ఊరి చెరువు కూడా మ్యాప్‌లో నీలంగానే ఉంటుంది. ఒకసారి పోయి చూసొచ్చి చెప్పండి, నీళ్లుండాయా?