అత్తమ్మ రెండో వేలు

నేను జనగామకు కోడలిగా వచ్చింది 1969 వేసవిలో. మా పుట్టిల్లు మానుకోట. మహబూబాబాద్ అనేది స్టేషను బోర్డు మీది పేరు, మా నోళ్లలో మానుకోటే. అవి తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న నెలలు. అప్పగింతలు అయ్యాక మమ్మల్ని ఎక్కించిన రైలు రఘునాథపల్లి దాకా వచ్చి నిలబడిపోయింది. ముందు పట్టాల మీద జనం కూర్చున్నారని, ఎప్పుడు కదిలేదీ చెప్పలేమని అన్నారు. మా వాళ్లు ఒక ఎడ్లబండి మాట్లాడి సామాను, పెద్దవాళ్లను ఎక్కించారు. నన్నూ ఎక్కించారు గానీ కుదుపులు పడక, కొంత దూరం పోయాక దిగి నడిచాను. కొత్త చెప్పులు, కొత్త మట్టెలు. జనగామలో ఇంటి ముందుకు వచ్చేసరికి పొద్దు గుంకింది. నేను కుడికాలు ఈడుస్తున్నాను.

హారతి పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లలో ఎవరో అననే అన్నారు: "ఓ అక్కా, నీ కోడలు కుంటిదాయె గదనే!"

అత్తమ్మ హారతి పళ్లెం పక్కావిడ చేతికిచ్చి గడప మీదే కూర్చుంది. నా కాలు లాగి తన ఒళ్లో పెట్టుకుంది. పెళ్లికి వచ్చిన పదిమంది ముందు అత్త కోడలి కాలు పట్టుకోవడం ఏమిటని నేను బిగుసుకుపోయాను.

"ఎవలే కుంటిది? మట్టె కరుస్తున్నది పిల్లకు. వేలు చూడుండ్రి, ఎట్ల ఉబ్బిందో. ఆ అవుసలాయన కొలత తీసినప్పుడు నిద్రపోయిండా ఏంది?"

మట్టె వేలికి ఉండగానే రెండు బొటనవేళ్లతో దాని కొసలు పట్టి విడదీసింది. వెండి కాబట్టి సాగింది. వేలికి ఊపిరి వచ్చినట్టయింది. తరువాత నన్ను లేపి, కుడికాలు ముందు పెట్టించి లోపలికి తీసుకుపోయింది. ఆ ఇంట్లో నేను మొదటి అడుగు నొప్పి లేకుండా వేసింది ఆమె వల్ల.

మాది బియ్యం, పప్పుల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు. దుకాణంలో లక్ష్మి ఉంటుంది కాబట్టి చెప్పులు బయటే విడవాలి, ఇంట్లో అసలే వద్దు. తెల్లవారి లేచింది మొదలు పడుకునేదాకా మా కాళ్లు షాబాదు బండల మీదే. ఏడెనిమిదేళ్లకు నాకు మడమ నొప్పి పట్టుకుంది. పొద్దున లేచి మొదటి అడుగు వేస్తే మేకు దిగినట్టుండేది. వాకిలి దాకా నడిచేసరికి తగ్గేది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. మామకు ఇంకో బాధ. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆయన కాలి బొటనవేలి కీలు ఎర్రగా వాచి, మీద దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేవాడు.

ఇద్దరినీ చూసి అత్తమ్మ నవ్వేది. "మామా కోడలు ఇద్దరికిద్దరే! నా కాళ్లు చూడుండ్రి. మండుటెండల బండ మీద నిలవడ్డా చురుక్కుమనయి." నిజమే, ఒప్పుకోవాల్సిందే. వడియాలు ఎండబెట్టడానికి మిట్టమధ్యాహ్నం డాబా మీదికి ఉత్త కాళ్లతో ఎక్కేది. మేము అరికాళ్లు ఎగరేసుకుంటూ పరుగెత్తుతుంటే ఆమె తాపీగా నడిచేది. అదంతా గట్టితనం అనుకున్నాం. ఆమెకు దాహం ఎక్కువైంది, కొంచెం చిక్కింది కూడా. వయసు అనుకున్నాం.

1979లో గోదావరి పుష్కరాలు వచ్చాయి. శ్రావణం వెళ్లగానే ప్రయాణం అనుకున్నాం. మా వదిన, అంటే అత్తమ్మ కూతురు, భూపాలపల్లిలో ఉండేది. అప్పటికి అది చిన్న ఊరే, బొగ్గు గనుల సందడి ఇంకా రాలేదు. వదిన ఇంట్లో ఒక రాత్రి ఆగి, మహదేవ్‌పూర్ దాకా బస్సులో పోయి, అక్కడి నుంచి కాళేశ్వరానికి చెప్పులు లేకుండా నడిచి మునుగుతానని అత్తమ్మ మొక్కు. మామకు అంతకు ముందేడు పెద్ద జ్వరం వచ్చి తగ్గినప్పుడు మొక్కుకుంది.

ఆగస్టు మూడో తేదీ, శ్రావణంలో రెండో శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. పేరంటానికి వచ్చిన ముత్తైదువలకు కాళ్లకు పసుపు రాయడం నా పని. మా ఇంట్లో మొదట అత్తమ్మకు రాసి, వాయనం ఇచ్చి, తరువాతే బయటివాళ్లకు. ఆమె పీట మీద కూర్చుని, పక్కింటి పెద్దమ్మతో పుష్కరాల బస్సుల గురించి మాట్లాడుతోంది. నేను కింద కూర్చుని ఎడమకాలికి రాశాను. కుడికాలికి రాస్తూ రెండో వేలి దగ్గర మట్టె సందులో పసుపు పట్టేలా వేలు పెట్టి నొక్కాను. చేయి తీస్తే నా వేలి కొస ఎర్రగా ఉంది.

పక్కింటి పెద్దమ్మ చూసింది. "పారాణి మంచిగ పండిందే" అంది.

పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది. కానీ ఆ రోజు నేను సున్నం కలపలేదు. డబ్బా ఖాళీ అయిందని పొద్దున్నే చూసుకున్నాను, తెప్పించడం కుదరలేదు. నేను మళ్లీ నొక్కాను, ఈసారి గట్టిగానే. ఎవరికైనా ప్రాణం జివ్వుమనాలి. అత్తమ్మ మాట ఆపలేదు. "హన్మకొండల బస్సు మారాల్నట" అని చెబుతూనే ఉంది. నా వేలికి చీము తగిలింది.

చెంబుతో నీళ్లు తెచ్చి కాలు కడిగాను. వారం వారం పసుపు మీద పసుపు పూసుకోవడంతో అట్టకట్టిన పొర కింద వేలు వాచి, మట్టె కండలో దిగిపోయి ఉంది. కొస నల్లగా మారుతోంది.

"అత్తమ్మా, నొప్పి లేదా?"

"ఏం నొప్పే? పసుపు కడిగినవేంది, అపశకునం గాదా?"

ఏ కాలి నొప్పికైనా మాకు తెలిసిన మందు పసుపే. నొప్పి లేకపోతే జబ్బు లేనట్టే. ఆ రెండు నమ్మకాలు కలిసి ఆ వేలిని దాచిపెట్టాయి.

మరునాడు పొద్దున మా ఆయనను దుకాణంలో ఉంచి, మామ, నేను ఆమెను జనగామలోనే ఉన్న డాక్టరు దగ్గరికి రిక్షాలో తీసుకుపోయాం. "ఇంత దానికి దవాఖానేంది" అని దారంతా గొణిగింది. ఆ డాక్టరు వయసులో చిన్నవాడు, తొందరపడని మనిషి. వేలు చూసి, ముందు మూత్రం తెమ్మన్నాడు. పరీక్ష గొట్టంలో నీలం రంగు మందు పోసి, అందులో కొన్ని చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. నీలం ఆకుపచ్చ అయింది, పసుపు అయింది, చివరికి ఇటుక రంగుకు వచ్చి ఆగింది. షుగర్ అన్నాడు. ఎన్నేళ్ల నుంచి ఉందో ఎవరికీ తెలియదు.

తరువాత ఆమెను బల్ల మీద పడుకోబెట్టి కండ్లు మూసుకోమన్నాడు. "అవ్వా, సూది మొనతోని నీ పాదం తాకుత. తాకినప్పుడల్లా చెప్పాలె."

అత్తమ్మ కండ్లు మూసుకుంది. ఆయన మడమ మీద తాకించాడు, అరికాలి మధ్యలో, బొటనవేలి కింద, చిటికెన వేలి పక్కన. రెండు పాదాలూ అయ్యాయి. అత్తమ్మ గమ్మున పడుకుని ఉంది. మామ నా ముఖం చూశాడు, నేను ఆయన ముఖం చూశాను.

"ఎప్పుడు మొదలువెడ్తవు బిడ్డా?" అంది అత్తమ్మ.

డాక్టరు సూది పక్కన పెట్టాడు. ఈ జబ్బు ముదిరితే ముందు పాదాల్లో స్పర్శ పోతుందని చెప్పాడు. రాయి గుచ్చుకున్నా, బండ కాలినా, మట్టె కోసినా తెలియదు, తెలియకుండానే పుండు లోపలికి పోతుంది. వేలు నల్లబడిందంటే నెత్తురు సరిగా అందడం లేదు. ఎరుపు ఇప్పటికే పాదం పైకి వస్తోంది. జ్వరం కూడా ఉంది. "ఇయ్యాల్నే వరంగల్ పెద్ద దవాఖానకు పోవాలె. ఆలస్యమైతే వేలుతోని ఆగదు, పాదం పోతది. ముందుగాల ఈ మట్టె తియ్యాలె."

అప్పటిదాకా దేనికీ భయపడని మనిషి లేచి కూర్చుంది. "మట్టె తియ్యుడా? నా మొగడు బతికి ఉండంగనా? కాలు పోతె పోనీ."

డాక్టరు చెప్పి చూశాడు, నేను చెప్పి చూశాను. కాలు ముడుచుకుని చీరలో దాచుకుంది. వాపు వల్ల మట్టె లాగితే రాదు, కోయాల్సిందే. కొత్తది ఇప్పట్లో పెట్టకూడదు, దాని బదులు దారం కూడా కట్టవద్దు అన్నాడు డాక్టరు. ఆ మాటతో ఇంకా బిగుసుకుంది.

మామ బయటికి పోయి, కొంతసేపటికి వెండిపని చేసే అవుసలాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. పదేళ్ల కింద నా మట్టెలు చేసిందీ ఆయనే. చేతిలో సన్నటి కత్తెర ఉంది. మామ ఒక కుర్చీ లాక్కుని సరిగ్గా అత్తమ్మకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఇగో, నేను గిక్కడ్నే కూసుంట. నువ్వు కాలు దిక్కు చూడకు, నా దిక్కు చూడు. ఆయన కోస్తుంటె నాకేమన్నైతె అప్పుడు ఆపమను."

"పరాచికాలా?"

"పరాచికం గాదు. నీ కాలు పోతె నాకు బువ్వ ఎవలు పెడ్తరు? గప్పుడు మట్టె ఉన్నా నేను పోవుడే."

ఆమె ఆయన వైపు చూస్తూ నెమ్మదిగా కాలు చాపింది. అవుసలాయన దండం పెట్టుకుని కత్తెర మొన మట్టె కిందికి పోనిచ్చాడు. నేను పాదం కదలకుండా పట్టుకున్నాను.

"ఉన్నవా?" అంది అత్తమ్మ.

"ఉన్న."

కత్తెర జారింది. మళ్లీ పెట్టాడు.

"ఉన్నవా?"

"ఉన్ననే. ఎటు పోత?"

టక్కుమని చిన్న చప్పుడైంది. మట్టె రెండు ముక్కలై డాక్టరు పళ్లెంలో పడింది. అత్తమ్మ ఇంకా మామ ముఖమే చూస్తోంది. ఆయన రెండు చేతులు చాచి చూపించాడు, ఏమీ కాలేదన్నట్టు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మట్టె కోసినందుకో, ఆయన ఉన్నందుకో ఆమెకే తెలియాలి.

వరంగల్‌లో ఆ వేలు సగం తీసేశారు. పాదం నిలిచింది. రెండు రోజులు ఆగి వస్తే మోకాలి కింద దాకా పోయేదని అక్కడి పెద్ద డాక్టరు చెప్పాడు. మేము ఇంటికి వచ్చేసరికి పుష్కరాలు అయిపోయాయి. వదిన కాళేశ్వరం నుంచి డబ్బాలో నీళ్లు తెచ్చింది. అత్తమ్మ తల మీద చల్లుకుని, "కాలు మీద పడనియ్యకే, డాక్టరు తిడ్తడు" అంది.

కట్టు విప్పించుకోవడానికి జనగామ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు నా మడమ సంగతీ, మామ బొటనవేలి సంగతీ చెప్పాను. నాది అరికాలి కింది నరాల్లాంటి పట్టీ బిగుసుకోవడం వల్లట. బండల మీద ఉత్త కాళ్లతో నిలబడితే వస్తుందట. మెత్తటి చెప్పులు వేసుకుని, పొద్దున లేవకముందే మునివేళ్లను మీదికి లాగి పట్టమన్నాడు. మామది కీలులో ఒక రకం ఉప్పు పేరుకోవడం, దానికి మాత్రలున్నాయి. "మీ ఇద్దరి కాళ్లు మొత్తుకుంటున్నయి, మంచిదే" అన్నాడు. "అవ్వ కాళ్లు మొత్తుకునుడు మరిచిపోయినయి. ఇగ ఆమె తరఫున మీరే చూడాలె."

మామ ఆ సాయంత్రమే ముగ్గురికీ మెత్తటి రబ్బరు చెప్పులు తెచ్చాడు, ఇంట్లో వేసుకోవడానికి వేరుగా. దుకాణంలో చెప్పులతో తిరుగుతున్నారని బజారులో నవ్వారు. "లక్ష్మి నా ఇంట్ల నడుచుకుంట తిరగాలె గద" అన్నాడు మామ, అత్తమ్మను చూపించి. ఆమె సిగ్గుపడి లోపలికి పోయింది.

ఆనాటి నుంచి రోజూ పొద్దుగుంకే ముందు, వెలుతురు ఉండగానే, ఆమె కాలు నా ఒళ్లో పెట్టేది. వేళ్ల సందులు, మడమ పగుళ్లు, గోళ్ల మూలలు చూసేదాన్ని. ఇప్పుడు నా మనవరాళ్లకు ఇదే చెబుతుంటాను. ఇరుకు చెప్పులకు వచ్చిన ఆనె అయితే చెప్పులు మార్చి కొన్నాళ్లు చూడండి. పొద్దుటి మడమ నొప్పికి కొన్ని వారాలు ఆగవచ్చు. కానీ కాలు కింద పెట్టలేకపోయినా, వేలు వేడెక్కి ఎర్రబడినా, చీము పట్టినా, రంగు మారినా, జ్వరం వచ్చినా దవాఖానకు పొండి. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం చిన్న పొక్కయినా అదే రోజు చూపించాలి, నొప్పి లేకపోయినా సరే. పసుపు పూయాలంటే పూయండి, ముందు కాలు కడిగి చూసి పూయండి.

అత్తమ్మ ఆ తరువాత ఎనిమిదేళ్లు బతికింది, చివరిదాకా తన కాళ్ల మీదే తిరిగింది. కోసిన మట్టె ముక్కలు కరిగించి చిన్న వెండి గుండు చేయించుకుని పుస్తెలతాడుకు కట్టుకుంది. నన్ను కుంటిది కాకుండా గడప దాటించిన మనిషికి నేను చేసింది సున్నం సంగతి గుర్తుపెట్టుకోవడం ఒక్కటే. మిగతా అంతా ఆ డాక్టరు, అవుసలాయన, మామ చేశారు. వాళ్లందరికీ నా దండం.

మొక్కు మాత్రం నడవకుండానే తీరింది. 1981 శివరాత్రికి మేము ముగ్గురం బస్సులో గుడి దాకా పోయాం. కాళేశ్వరంలో నది ఒడ్డున అత్తమ్మ చెప్పులతోనే నిలబడింది. ఒకావిడ ఊరుకోలేదు.

"గంగమ్మ కాడ చెప్పులేందవ్వా?"

"గంగమ్మకు నా మొక్కు కావాల్నా, నా కాలు కావాల్నా? అడిగి చెప్పు" అంది అత్తమ్మ. ఆవిడ నవ్వుకుంటూ పోయింది.

ఆమె నీళ్లలోకి దిగలేదు. నేను చెంబుతో తెచ్చి తల మీద పోశాను. మామ నడుములోతుకు దిగి, ముక్కు పట్టుకుని మునిగాడు. ఒకసారి లేచాడు, రెండోసారి లేచాడు. మూడోసారి కొంచెం ఎక్కువసేపు ఉన్నాడో, మాకే అలా అనిపించిందో. అత్తమ్మ నా భుజం పట్టుకుని రెండు అడుగులు ముందుకు వేసింది.

"ఉన్నవా?" అని అరిచింది.

ఆయన తల బయటికి వచ్చింది. ముఖం మీది నీళ్లు తుడుచుకుంటూ ఒడ్డు వైపు తిరిగాడు.

"ఉన్న."