తొమ్మిదంగుళాలు జరిపిన వరస

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. ఇరవై రెండేళ్లుగా సైట్ల మీద ఉన్నాను. సిమెంటు లారీ డ్రైవర్ల దగ్గర్నుంచి సెంట్రింగు వాళ్ల దాకా నేను అరవని మనిషి లేడు. ఆడమనిషి సైటు ఇంజనీరంటే ఎవరూ ఖాతరు చెయ్యని రోజుల్లో ఈ పనిలోకి వచ్చాను, అందుకని గొంతు పెద్దది చేసుకోక తప్పలేదు. తర్వాత తగ్గించుకుందామన్నా అది తగ్గలేదు.

అలాంటి నా చేతిలో ఒకరోజు మా కాంట్రాక్టరు గారు టాబ్లెట్ పెట్టి, "ఇకమీదట ఇందులో ఎలా ఉంటే అలాగే కట్టాలమ్మా" అన్నారు. గుంటూరు ఊరి బయట మిరపకాయల కోల్డ్ స్టోరేజీ పని అది. చుట్టూ పత్తి చేలు, ఎదురుగా తారు రోడ్డు. కొత్త పంట యార్డుకి వచ్చే వేళకి బస్తాలు పెట్టుకోవడానికి చల్లగా సిద్ధంగా ఉండాలి. ఆ గడువు ఒక్కరోజు కూడా జరగదు, ఎందుకంటే మిరపకాయ మన కోసం ఆగదు.

బిమ్ అంటారట దాన్ని. పునాది తియ్యకముందే బిల్డింగు మొత్తం కంప్యూటర్లో కట్టేస్తారు. ఏ స్తంభం ఎక్కడ నిలబడుతుంది, ఏ బోల్టు ఎంత లావు, చల్లదనం తెచ్చే పైపు ఏ దూలం కిందనుంచి పోతుంది, అన్నీ అందులో ఉంటాయి. తాడేపల్లిలో ఒక ఆఫీసులో కూర్చుని ఒకమ్మాయి దాన్ని కడుతుంది. ఇక్కడ మట్టిలో మేం కడతాం. రోజూ సాయంత్రం ఏ పని అయిందో టాబ్లెట్‌లో చూసుకుని, మోడల్ ప్రకారమే ఉందని నేను టిక్కు పెట్టాలి. నాకు ఒళ్లు మండింది. దాని పేరు 'బొమ్మ' అని పెట్టాను. "ఇవాళ బొమ్మ ఏమంటుందిరా?" అని నేనంటే మా మేస్త్రీ పకపకా నవ్వేవాడు. ఆ అమ్మాయి ఫోన్ చేస్తే స్పీకర్ పెట్టి మరీ అందరికీ వినిపించేదాన్ని.

పునాదులకి ముగ్గు పోసే రోజు పొద్దున్నే యజమాని గారు కారు దిగారు. ఆయన మిర్చి వ్యాపారి, నెమ్మదస్తుడు. వెంట సిద్ధాంతి గారు. ఆయన దారాలు కట్టిన చోటంతా తిరిగి, దిక్సూచి చూసి, మూడో వరస దగ్గర ఆగిపోయారు.

"ఈ స్తంభం సరిగ్గా నట్టనడుమ పడుతోంది. అది బ్రహ్మస్థానం. అక్కడ బరువు పెట్టకూడదు."

యజమాని నా వైపు చూశారు. "ఏమ్మా, కాస్త జరపడానికి వీలవుతుందా?"

"ఎంత జరపమంటారండి?"

"ఓ జానెడు ఉత్తరానికి జరిగినా దోషం పోతుంది" అన్నారు సిద్ధాంతి గారు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. మేం సాయిబులం. మా తాత గుంటూరులో పత్తి ఏకి పరుపులు కుట్టేవాడు, ఇంట్లో మేం మాట్లాడుకునేది తెలుగే. వాస్తు దగ్గర నాకో నియమం ఉంది: నోరెత్తను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఇంటి దగ్గర, మెట్లు అటు తిప్పితే ఇరుకైపోతాయండీ అన్నాను. ఆ ఇంటాయన నవ్వుతూనే "మీకివి పట్టవు కదమ్మా, మీది వేరే" అన్నాడు. నేను చెప్పింది మెట్ల కొలత గురించి. ఆయనకి వినిపించింది ఇంకేదో. ఆ మాట పడ్డాక వంటగది ఎటు తిప్పమన్నా సరేనండి, వాకిలి ఎటు పెట్టమన్నా సరేనండి.

కాబట్టి ఆరోజు కూడా సరేనండి అన్నాను. పైగా జానెడంటే తొమ్మిదంగుళాలు, మా పనిలో ఒక ఇటుక పొడుగు. అదో లెక్కా? సెంట్రింగు చెక్క కాస్త కోస్తాం, చువ్వ కాస్త పెంచుతాం, అయిపోయె. ఒక్క స్తంభమే జరిపితే వరస వంకర పోతుందని, వరసలో ఉన్న ఆరింటినీ జరిపి ముగ్గు పోయించాను. తాడేపల్లికి ఫోన్ చెయ్యాలన్న ఆలోచనే రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. చేస్తే ఎందుకు, ఎవరు చెప్పారు అని మెయిళ్లు మొదలవుతాయి, చివరికి వాస్తు మీద నా చేత ఏదో ఒకటి అనిపిస్తారు. ఎందుకొచ్చిన గొడవ? సాయంత్రం టాబ్లెట్ అడిగింది, మోడల్ ప్రకారమే ఉందా అని. అవునని టిక్కు పెట్టి, టీ తాగడానికి పోయాను.

ఆరు వారాలు గడిచాయి. పునాదులు పూడ్చాం. నేల మీదికి నడుమెత్తు కాంక్రీటు దిమ్మలు లేచాయి, ఒక్కో దిమ్మ నెత్తిన నాలుగేసి బోల్టులు. ఇక ఫ్యాక్టరీ నుంచి ఇనప స్తంభాలు వచ్చి ఆ బోల్టుల మీద కూర్చోవాలి. ఒక శుక్రవారం ఆ తాడేపల్లి అమ్మాయి సైటుకి వచ్చింది. కొత్తపట్నం పిల్ల, ముప్పై లోపు వయసు, చేపల వ్యాపారం చేసే ఇంటి నుంచి వచ్చి ఇంజనీరైంది. రేకుల షెడ్డులో కూర్చోబెట్టి నాకు బొమ్మ చూపించింది. చూడక చూడక ఆరోజే దాన్ని సరిగ్గా చూశాను. ప్రతి దూలానికీ ఒక నంబరు, ప్రతి దూలానికీ మిల్లీమీటర్లలో పొడుగు.

"సోమవారం ఫ్యాక్టరీలో కోత మొదలుపెడతారు మేడమ్. మీరు అన్నిటికీ టిక్కు పెట్టారు కదా, అందుకని సైటు కొలతలు మళ్లీ తెప్పించలేదు."

నాకు మూడో వరస గుర్తొచ్చింది. పైకి మాత్రం మామూలుగా అడిగాను. "ఒకవేళ ఇక్కడ కాస్త అటూ ఇటూ అయిందనుకో?"

"అవకూడదు మేడమ్. కన్నాలు అక్కడే పడిపోతాయి, తుప్పు పట్టకుండా పూత కూడా అక్కడే వేసేస్తారు. ఇక్కడ కోసి అతికించడం కుదరదు."

అంటే మూడో వరసకి ఒకపక్క దూలాలన్నీ జానెడు పొడుగు, ఇంకోపక్కవన్నీ జానెడు పొట్టి. మళ్లీ చేయించాలంటే నెలలు పడుతుంది. అప్పటికి పంట వచ్చేస్తుంది, స్టోరేజీ అస్థిపంజరంలా నిలబడి ఉంటుంది. నా ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. గుంటూరు నుంచి దర్శి దాకా నన్నెరిగిన సైట్లన్నిట్లో 'అంత నోరేసుకుని అరిచే మనిషి, దొంగ టిక్కు పెట్టిందట' అని చెప్పుకోవడం ఇంకో ఎత్తు. ఆ రెండోదే నాకు ఎక్కువ భయం.

ఆ అమ్మాయి కారెక్కగానే టేపు తీసుకుని పరుగెత్తాను. తొమ్మిదంగుళాలు. టేపు సాగిందేమోనని ఇంకో టేపు తెప్పించాను. అదీ తొమ్మిదే చూపించింది, పాపిష్టిది. మేస్త్రీ నా పక్కన నిలబడి తాపీగా అన్నాడు, "ఎందుకమ్మా కంగారు? ఇనుము రానివ్వండి, వచ్చాక చూసుకుందాం."

వచ్చాక చూసుకుందాం. మా పనులన్నీ ఆ ఒక్క మాట మీదే నడిచాయి ఇన్నాళ్లూ. గోడ కట్టాక పైపు గుర్తొస్తే గోడ పగలగొట్టుకుందాం, స్లాబు పోశాక ఫ్యాను హుక్కు గుర్తొస్తే రంధ్రం వేసుకుందాం. నేనే కొన్ని వందల సార్లు అని ఉంటాను. ఆరోజు మాత్రం ఆ మాట వింటే మేస్త్రీని కొట్టబుద్ధేసింది. ఇంకా సిగ్గుమాలిన సంగతేమిటంటే, మేస్త్రీయే ముగ్గు తప్పు పోశాడని చెబితే పోలా అని కూడా ఒక్క క్షణం అనిపించింది. ఛీ, ఏం బతుకు అనుకున్నాను.

శనివారం పొద్దున్నే బస్సెక్కాను. ఫోన్లో చెప్పే ధైర్యం లేదు, టాబ్లెట్‌లో రాసే మొహం అంతకన్నా లేదు. దారంతా ఏం చెప్పాలో సాధన చేశాను. యజమాని బలవంతం చేశారని ఒకలాగా, నాకు ఈ పద్ధతి ఎవరూ సరిగ్గా నేర్పలేదని ఇంకోలాగా. మంగళగిరి దాటేసరికి చాలా గొప్ప ఉపన్యాసం తయారైంది. కానీ చేతులు వణుకుతున్నాయి. నా వయసులో సగం కాస్త దాటిన పిల్ల ముందు నిలబడ్డానికి నాకు చేతులు వణకడమేమిటో!

ఆఫీసులోకి వెళ్లి, ఆ అమ్మాయి "మేడమ్, మీరా!" అని లేచి నిలబడగానే ఉపన్యాసం మొత్తం ఆవిరైపోయింది.

"అమ్మాయ్, మూడో వరస తొమ్మిదంగుళాలు ఉత్తరానికి ఉంది. నేనే జరిపించాను. నేను పెట్టిన టిక్కు అబద్ధం."

తిడుతుందనుకున్నాను. కనీసం తల పట్టుకుంటుందనుకున్నాను. ఆ పిల్ల కుర్చీ ఇటు లాగి నాకు వేసి, తను ఇంకోటి తెచ్చుకుంది.

"ఆరూ జరిగాయా మేడమ్?"

"ఆరూ."

"అన్నీ సమానంగా?"

"రెండు టేపులతో కొలిచాను తల్లీ."

కంప్యూటర్లో ఆ వరసని పట్టుకుని పక్కకి జరిపింది. నా కళ్లముందే దానికి తగిలిన దూలాలన్నీ ఎర్రగా అయ్యాయి. తర్వాత ఏవో నొక్కింది, ఒక్కొక్కటే పొడుగులు మారుతూ వచ్చాయి. ఒక పక్కవి పెరిగాయి, ఒక పక్కవి తగ్గాయి. పైపు ఒకటి కొత్తగా దూలానికి తగిలితే దాన్ని కిందికి దించింది. సైటు మీద ఆ పని చెయ్యడానికి నాకు ఒక నెలా, ఒక గ్యాస్ కట్టరూ, సవా లక్ష తిట్లూ కావాలి. పొడుగు పెరిగిన దూలాలు బరువు ఆపుతాయో లేదోనని లెక్క చూసే ఇంజనీరుకి ఫోన్ చేసింది. ఆయన చూసి చెబుతానన్నారు. ఆ ముప్పావుగంటా నేను తాగిన మంచినీళ్లకి ఏ బిందె సరిపోతుందో తెలియదు.

ఆపుతాయన్నారు. కొత్త కొలతలు ఫ్యాక్టరీకి వెళ్లాయి. పాతవి పక్కన పడేశామని అట్నుంచి జవాబొచ్చింది. యా అల్లా అని కుర్చీలో వెనక్కి వాలిపోయాను. నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది, ఆ అమ్మాయి టీ తెప్పించింది. అక్కడి నుంచే కాంట్రాక్టరు గారికి ఫోన్ చేసి నా నోటితోనే చెప్పేశాను. ఏ వరస, ఎంత జరిగింది అని ఆయన ముందు అన్నీ అడిగారు. ఆ తర్వాత, "చెప్పావు కాబట్టి బతికాం. ఇంకోసారి చూడకుండా టిక్కు పెట్టావో, నీకన్నా పెద్ద గొంతుతో అరుస్తా" అన్నారు. అరవండి సార్, ఎంతైనా అరవండి అన్నాను. నిజంగానే అన్నాను. తిరుగు బస్సులో గుంటూరు వచ్చేదాకా నిద్రపోయాను, కండక్టరు లేపాల్సొచ్చింది.

ఇనుము వచ్చింది. మూడో వరస నిలబెట్టే రోజు ఆ అమ్మాయిని కూడా రమ్మన్నాను. క్రేను మొదటి స్తంభాన్ని మెల్లగా దించింది. బిగించేవాడు అలవాటుకొద్దీ సుత్తి పట్టుకునే నిలబడ్డాడు. స్తంభం పాదం నాలుగు బోల్టుల మీదికి వచ్చి, ఎక్కడా తట్టుకోకుండా కిందికి దిగింది. సుత్తి అవసరం పడలేదు. మధ్యాహ్నానికి ఆరూ నిలబడ్డాయి, దూలాలు వాటి చోట్లలో అవి కూర్చున్నాయి. మేస్త్రీ చేతులు కట్టుకుని చూసి చూసి, "బొమ్మ బానే ఉందమ్మా" అన్నాడు. నాకు ఎంత తేలిగ్గా ఉందంటే, ఆరోజు ఎవర్నీ ఒక్క మాట అనలేదు. పనివాళ్లు నాకు ఒంట్లో బాలేదేమోనని అడిగారు.

అన్నాలు తిని ఇద్దరం గేటు దగ్గర నీడకి నిలబడ్డాం. రోడ్డు మీద పత్తి లోడుతో ట్రాక్టర్లు పోతున్నాయి. ఆ అమ్మాయి వాటినే చూస్తూ అడిగింది.

"మిరపకాయలు కూడా ఇలాంటి ట్రాక్టర్లలోనే వస్తాయా మేడమ్?"

"రైతులు తెచ్చేవి చాలామటుకు ఇలాగే వస్తాయి. ఏం?"

"ఏం లేదు మేడమ్."

"ఏం లేకపోతే మొహం అలా పెట్టవు."

అప్పుడు చెప్పింది. బస్తాలు దింపుకునే అరుగు ఎత్తు తను పెద్ద కంటైనర్ లారీలకి తగ్గట్టు పెట్టిందట. మా ఊళ్లో చేపలకి ఐసు బళ్లు చూశాను గానీ మిరపకాయల లోడు చూడలేదు మేడమ్ అంది. ఇంత ఎత్తైతే ట్రాక్టరు లోంచి బస్తా వీపున వేసుకుని హమాలీలు పైకెక్కాల్సొస్తుందేమోనని మొదటి నెలలోనే అనుమానం వచ్చిందట. అరుగు ఇంకా పొయ్యలేదు, అది నయం.

"మొదటి నెలలో వస్తే ఇప్పుడా చెప్పేది? నన్ను అడగొచ్చుగా!"

ఆ పిల్ల చెప్పు కొనతో మట్టి గీరింది. "మీరంటే భయం మేడమ్."

నేను ఏ పిల్ల ముందు నోరు విప్పడానికి బస్సులో వణికిపోయానో, ఆ పిల్ల నన్ను తలుచుకుని నెలల తరబడి వణికింది. నాది ఒక్కరోజు వణుకు. సిగ్గేసింది, చెప్పుకోలేనంత సిగ్గేసింది.

రోడ్డు మీదికి వెళ్లి ఒక ట్రాక్టరు ఆపాను. "బాబూ, రెండు నిమిషాలు" అంటే డ్రైవరు హడలిపోయి ఇంజను కూడా ఆపేశాడు. టేపు ఒక చివర నేను నేలకి ఆనించి పట్టుకున్నాను, రెండో చివర ఆ అమ్మాయి ట్రక్కు అంచుకి పట్టి చదివింది. మోడల్లో పెట్టిన దానికన్నా అడుగు తక్కువ. సగం అరుగు లారీలకి, సగం ట్రాక్టర్లకి పెడదామని అక్కడే అనుకున్నాం. తను ఫోన్లో రాసుకుంది.

"ఇంకేమైనా అడగాల్సినవి ఉన్నాయా?" అన్నాను, నా గొంతుకి చేతనైనంత మెల్లగా.

ఆ అమ్మాయి నా మొహం వైపు ఒకసారి చూసి, సంచిలోంచి నోటు పుస్తకం తీసింది. రెండు పేజీల నిండా ఉన్నాయి.