పటాలం టెలిఫోను, పాండూరు బావి

మిలటరీ సామాను మీద నాకున్న పిచ్చి మా ఆఫీసులో అందరికీ తెలుసు. అంబత్తూరులో ఒక కంపెనీలో స్టోర్సు గుమస్తాను. జీతం రాగానే మద్రాసు మూర్ మార్కెట్ పాతసామాన్ల అంగళ్ల వైపు కాళ్లు వాటంతట అవే పోతాయి. ఈ పిచ్చికి తోడు చట్టాల పుస్తకాలు చదివే అలవాటొకటి ఉంది. ఏ యంత్రం కొన్నా దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరమా కాదా అని ముందే చూసుకోవడం మంచిది కదా. తిరువళ్లూరు పక్క మణవాళనగర్ నుంచి రోజూ రైల్లో వచ్చే మునిరత్నం ఈ రెండు సంగతులూ గుర్తుపెట్టుకుని, ఒకరోజు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మా మామ బావికాడ ఒక టెలిఫోను పెట్టుకోనుండాడు సార్. పటాలంలో వాడేది. తిరుత్తణి టెలిఫోనాఫీసోళ్లు తీసెయ్యమని నోటీసిచ్చినారు. మీరొకసారి వొచ్చి ఆ ఇన్‌స్పెక్టరుతో మాట్లాడితే బాగుంటాది" అన్నాడు.

పటాలం టెలిఫోను అనే మాట వినగానే నేను సగం ఒప్పేసుకున్నాను. మిగతా సగం కథ విన్నాక ఒప్పుకున్నాను. పాండూరు దగ్గర మునిరత్నం మేనమామలు ఇద్దరికీ కలిపి ఒకటే బావి. పెద్దాయన గోపాలు పటాలంలో తీగలు లాగే పని చేసి, కాలికి దెబ్బ తగిలి ఇంటికొచ్చాడు. చిన్నాయన దామోదరం ఊళ్లో ఉంటాడు. పొలం పంచుకునేటప్పుడు కోర్టుకెక్కారు, ఏడేళ్ల నుంచి మాటల్లేవు. కోర్టు డిక్రీ ప్రకారం కరెంటున్నంతసేపు నీళ్లు చెరిసగం, ఒకరి కాలువకు నీళ్లు మళ్లించే మడవ ఇంకొకరు ముట్టరాదు. రాసినవారికి పాపం మోటారు నడిపే త్రీఫేజు కరెంటు సంగతి తెలిసినట్టు లేదు. రోజుకు ఇన్ని గంటలని లెక్కుంది గానీ, అది పొద్దున వస్తుందో, మధ్యాహ్నం వస్తుందో ఎవరూ చెప్పలేరు. పెద్దాయన నడవలేడు, బావి దగ్గర మోటారు కొట్టంలోనే కాపురం. తన సగం అయిపోయిందని కిలోమీటరు దూరంలో ఉన్న తమ్ముడికి తెలిపేదెట్లా? పాతసామాన్లలో రెండు ఫీల్డు టెలిఫోన్లు కొని, బావి నుంచి ఊళ్లో ఇంటి దాకా తీగ లాగాడు. రెండుసార్లు గంట కొడితే నీ వంతు వచ్చిందని అర్థం. అవతలి నుంచి ఒక గంట వస్తే తెలిసిందని అర్థం. ఏడేళ్లలో దాంట్లో ఎవరూ ఒక్క మాట కూడా మాట్లాడలేదట.

ఆ శనివారం పొద్దున ఆరున్నరకి సెంట్రల్‌లో ప్యాసింజరు ఎక్కాను. తిరుత్తణికి టికెట్టు మూడు రూపాయల చిల్లర. ఎడమవైపు కిటికీ, కుడివైపు కిటికీ అని వెతుక్కోనక్కర్లేదు, ఆవడి దాటేటప్పుడు రెండు వైపులా చూడవలసిందే. ఆ రోజు నా అదృష్టం, పక్క లైనులో చదును బండ్ల మీద టార్పాలిను కప్పిన టాంకులు నాలుగు నిలబెట్టి ఉన్నాయి. ఫిరంగి గొట్టాన్ని వెనక్కి తిప్పి కట్టారు. అన్ని టన్నుల ఇనుము దేని మీద తిరుగుతుందో తలుచుకుంటేనే నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఫోటోలు తీయరాదని బోర్డు కూడా ఉంది. టీ అమ్మేవాడు మాత్రం ఎన్ని తయారయ్యాయో, ఎటు పోతున్నాయో పెట్టెలో అందరికీ చెప్పుకుంటూ పోయాడు. ఎదురు సీట్లో పెద్దమనిషి ఒళ్లో ట్రాన్సిస్టరు పెట్టుకుని వార్తలు వింటున్నాడు. దానికి పోస్టాఫీసులో లైసెన్సు కట్టారా అని అడిగితే సౌండు తగ్గించాడు. మన దేశంలో టాంకు సంగతి చెప్పుకోవచ్చు గానీ రేడియో వినడానికే భయపడాలి.

తిరువళ్లూరులో మునిరత్నం ఎక్కాడు. తొమ్మిదింటికి తిరుత్తణిలో దిగి, స్టేషను బయట చిన్న హోటల్లో టిఫిన్ చేశాం. రెండు ఇడ్లీ, ఒక వడ, కాఫీ కలిపి రూపాయి లోపే. కొండ మీది గుడికి వచ్చినవాళ్లమనుకుని వంటాయన త్వరగా మెట్లెక్కండి, ఎండ ముదిరితే కాళ్లు కాలతాయి అన్నాడు. ఇన్‌స్పెక్టరును చూడటానికి వచ్చామని మునిరత్నం చెబితే, "ఆయన మంచి మనిషే. కానీ రూలు విడవడు. ముందు తినండి, కడుపు నిండుంటేనే ఆయనతో మాట్లాడగలరు" అని ఇంకో వడ వేశాడు.

ఇన్‌స్పెక్టరు నలభై ఐదేళ్ల మనిషి, మాది ఊత్తుకోట అని తెలుగులోనే మొదలుపెట్టాడు. నేను తోలుసంచిలోంచి 1885 నాటి తంతి చట్టం, అదే టెలిగ్రాఫు యాక్టు, తీసి బల్ల మీద పెట్టాను. రాత్రంతా కూర్చుని ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకున్నాను. లాయరు కావలసినవాడిని గుమస్తానయ్యానని నా మీద నాకెప్పుడూ ఒక నమ్మకం.

"ఇది టెలిఫోనే కాదండీ" అన్నాను. "ఏడేళ్లలో దీంట్లో ఎవరూ మాట్లాడలేదు. చెవి దగ్గర పెట్టుకునేది కొక్కేనికే వేలాడుతోంది. ఉన్నదల్లా గంటలు. రెండు గంటలకో అర్థం, ఒక గంటకో అర్థం. అంతే."

ఆయన పెన్ను కిందపెట్టి నా వైపు ఆసక్తిగా చూశాడు.

"మాట లేకుండా, గుర్తులతో, తీగమీద దూరానికి సంగతి పంపేదాన్ని ఏమంటారు సార్?"

నేను ఎర్రగీతల పేజీలు తిరగేయడం మొదలుపెట్టాను.

"టెలిఫోనని చెప్పుంటే నేను కొంచెం ఆలోచించాల్సి వొచ్చేది. ఈ చట్టం రాసేనాటికి ఎవురింట్లో టెలిఫోనుండింది? మీరు చెప్పింది మాత్రం దీనికోసమే రాసినట్టుండాది" అని నా పుస్తకం అట్ట మీద పేరును వేలితో చూపించాడు.

మునిరత్నం నేల చూపులు చూస్తున్నాడు. సాయానికి పిలిస్తే నేరం రుజువు చేసి పెట్టాను. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు. లైసెన్సుకు అర్జీ పెడితే అది మద్రాసుకు, అక్కణ్నుంచి ఢిల్లీకి పోతుందనీ, తిరిగొచ్చేదాకా తన ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదనీ చెప్పాడు. "ఈ పొద్దు నేనొచ్చేలోపల తీగ లేకుండా ఉంటే, తనిఖీలో లైను లేదని రాసేస్తాను. కేసుండదు, సెట్లూ పట్టుకోను. అంతకన్నా నా చేతిలో లేదయ్యా" అన్నాడు. ఒంటిగంటకు వస్తానన్నాడు. ఆ న్యాయానికి వంక పెట్టడానికి నాకు సందు దొరకలేదు.

తిరుత్తణి నుంచి తిరువళ్లూరు పోయే బస్సులో పాండూరుకు గంటకు పైనే, టికెట్టు రూపాయిన్నర. రోడ్డు దగ్గర దిగి బండిబాట వెంట అరగంట నడిచాం. దారిలో తీగను చూసి నా సిగ్గంతా కాసేపు మరిచిపోయాను. తాటిచెట్టుకీ తాటిచెట్టుకీ మధ్య ఒకే వంపు. చెట్టు ఊగినా తెగకుండా ప్రతిచోటా కొంచెం వదులు. రెండు తీగలు కావలసిన చోట ఒకటే లాగి, రెండో తీగ బదులు తడినేలను వాడుకున్నాడు. చివరన రాగికడ్డీని బావి ఒడ్డు బురదలో దిగగొట్టాడు. మా ఇంజనీర్లు కాగితం మీద వేసే లెక్కను ఈయన చేత్తో వేశాడు.

గోపాలు తాటాకు చాప మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే గుడ్డసంచిలో నల్లటి పెట్టె. సంచి అంచులు చిరిగిన చోట ఎంత సన్నగా కుట్టాడో. నేను అడగకముందే సంచి విప్పి చూపించాడు. రెండు బ్యాటరీ కట్టలు, పక్కన చేత్తో తిప్పే పిడి. ఎక్స్ఛేంజీ అక్కర్లేదు, బిల్లు రాదు. బురదలో పడినా, లారీ మీంచి పడినా పలుకుతుంది. ఇలాంటి వస్తువును తయారుచేసిన బుర్రలకు నేను దండం పెడతాను. మునిరత్నం గొంతు తగ్గించి ఇన్‌స్పెక్టరు మాట చెప్పాడు. గోపాలు పిడి మీద చెయ్యి వేశాడు.

"ఆర్డరంటే ఆర్డరే. రేయ్ మునిరత్నం, ఆ తీగ చుట్టే చెక్క తీసుకోనిరా" అన్నాడు.

నీళ్ల వంతుకు ఇంకో మార్గం చూద్దాం, ఒక జెండా ఎత్తినా కనిపిస్తుంది కదా అని నేను మొదలుపెట్టాను.

"వొంతుకేమి సార్, ఎట్లనో జరుగుతాది. ఏడేండ్లుగా నా తమ్ముడు నాకు సెప్పిందంతా దీంట్లోనే వొచ్చినాది. వాడు పిడి తిప్పేది నాకు తెలుస్తాది. కోపంగా ఉంటే గబుక్కున తిప్పేస్తాడు. పోయినేడు జరమొచ్చినప్పుడు గంట సగంలోనే నిలిచిపోయింది. అప్పుడు ఈడిని పంపించినాను, సూసి రాపో అని." అంతవరకూ చెప్పి బావి వైపు తిరిగాడు. "ఇంక నాకెట్ల తెలుస్తాది?"

ఆ మాటకు నా దగ్గర చట్టమూ లేదు, యంత్రమూ లేదు. నీళ్ల తగాదా తీర్చడానికి వచ్చాననుకున్నాను. ఇక్కడ తెగబోతున్నది వేరని అప్పటికి గానీ అర్థం కాలేదు. చాలా బాధ వేసింది.

నేనూ మునిరత్నమూ ఊరి వైపు నుంచి తాటిచెట్ల మీది కట్లు విప్పుతూ వచ్చాం. దామోదరం ఇంట్లో లేడు, ఆయన భార్య పెట్టెను బయట పెట్టి తలుపు దగ్గరే నిలబడింది. గోపాలు ఈ చివర కూర్చుని తీగను చెక్కకు చుట్టాడు. పోగు మీద పోగు, ఒక్క మెలిక లేదు. ఒంటిగంటకు ఇన్‌స్పెక్టరు రోడ్డు దగ్గర బస్సు దిగి అద్దె సైకిలు మీద వచ్చేసరికి తీగ చుట్ట తయారు. ఆయన ఒక అతుకును వేళ్లతో తడిమి, "ఇది మీరేసిందేనా? మా లైన్‌మెన్‌కు ఇట్లాంటి అతుకు వెయ్యను రాదు" అన్నాడు. గోపాలు కూర్చున్నచోటే నడుం నిటారు చేశాడు. ఇన్‌స్పెక్టరు కాగితం మీద రెండు లైన్లు రాసి, నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

మేం వచ్చేసరికే మోటారు నడుస్తూ ఉంది. రెండున్నరకు నీళ్లలో పెద్దాయన సగం ముగిసింది. అలవాటుగా ఆయన చెయ్యి పెట్టె వైపు పోయి ఆగింది. కర్ర అందుకుని లేచాడు. నేను పోయి చెప్పొస్తానన్నాను.

"డిక్రీలో నా పేరుండాది సార్, మీది లేదు" అన్నాడు.

గట్టు మీద నడవడం మొదలుపెట్టాడు. పడతాడేమోనని నేను పది అడుగుల వెనక నడిచాను. రెండు చోట్ల ఆగి మోకాలు పట్టుకున్నాడు. వేరుశనగ చేను దాటుతుండగా అవతలి నుంచి ఒక మనిషి పంచె ఎగ్గట్టి వేగంగా వస్తూ కనిపించాడు. నాలుగు బారల దూరంలో ఆగాడు. అన్న పోలికే, మీసం మాత్రం నల్లగా ఉంది.

"నీ వొంతు" అన్నాడు గోపాలు.

దామోదరం అన్న మొహం చూడలేదు. కాలి వైపే చూశాడు. నడిచిన దూరమంతా ఆ కాలిలో కనిపిస్తోంది. పంచె దించి రెండడుగులు దగ్గరికి వచ్చాడు.

"తీగ లేదని మధ్యాన్నమే తెలిసింది. నువ్వెందుకు నడిసినావు? నేనొస్తా ఉండాను గదా."

గోపాలు కర్ర పక్కన పెట్టాడు. గట్టు మీద కూర్చుండిపోయాడు. దామోదరం మడవ తిప్పడానికి పోకుండా ఆయన పక్కన కూర్చుని, వాచిన మోకాలి మీద చెయ్యి వేశాడు. నేను వెనక్కి తిరిగి కొట్టం వైపు నడిచాను. ఆ పూట నీళ్లు పదిహేను నిమిషాలు వృథాగా పోయాయి, ఎవరూ లెక్క అడగలేదు.

సాయంత్రం తిరువళ్లూరులో ఐదున్నర ఎలక్ట్రిక్ రైలు పట్టుకుని ఇంటికొచ్చాను. ఆ టెలిఫోను మీద నాకున్న గౌరవం ఈనాటికీ తగ్గలేదు. అది ఏడేళ్లు ఇద్దరి మధ్యా తెగకుండా నిలబడింది. దాని సాయంతోనే ఏడేళ్లు మాట్లాడకుండా ఉండగలిగారన్నది కూడా నిజమే. దీంట్లో పాతకాలపు చట్టాన్ని మెచ్చుకోవాలో, యంత్రాన్ని మెచ్చుకోవాలో నాకింకా తేలలేదు. ఆ ఇన్‌స్పెక్టరును మాత్రం మనసారా మెచ్చుకుంటాను.

ఆ బావినీ, గోపాలు దాచిపెట్టిన పెట్టెలనూ చూడాలని ఎవరైనా వెళ్తే ఒక సలహా. పొద్దున తొమ్మిదిలోపు పాండూరులో దిగండి, తాగేనీళ్లు వెంట ఉంచుకోండి. బండిబాటన చుట్టూ తిరిగి పోవద్దు. దామోదరం ఇంటి వెనక నుంచి గట్టు మీదుగా పోతే పావుగంటే. నేను ఆరు నెలల తర్వాత వెళ్లినప్పుడు ఆ గట్టు మీద గడ్డి లేదు, బావి దాకా బాట పడి ఉంది.