ఎనిమిదో పొయ్యికి గొట్టం లేదు

2008లో కర్నూలు బస్టాండు దగ్గర ఒక షాపింగ్ మాల్ కడుతున్నారు. పై అంతస్తులో ఫుడ్ కోర్టు: నడుమ అందరికీ కలిపి బల్లలు, చుట్టూ ఎనిమిది వంట కౌంటర్లు. హైదరాబాదులో చూసొచ్చిన యజమానికి మన ఊళ్లోనూ అలాంటిది ఉండాలని పట్టుదల. వంట పొగను బయటికి పంపే పని నాది. పొయ్యి మీద బోర్లించే స్టీలు గొడుగును హుడ్ అంటాం. అక్కడి నుంచి పొగను డాబా మీదికి లాక్కుపోయే రేకు గొట్టం డక్ట్.

ఎనిమిదో కౌంటరు మార్తమ్మది. మాల్ స్థలం ఖాళీగా ఉన్న రోజుల్లో ఆమె దాని ముందే రోడ్డువారన బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్మేది. ఆమె చేతి రుచికి జనం వస్తారని యజమానే పిలిచి కౌంటరు ఇచ్చాడు. ప్రకటనల్లో ఆమె ఫొటో కూడా వేయించాడు.

ప్రారంభానికి పది రోజుల ముందు డ్రాయింగ్ మారింది. ఆమె కౌంటరు డక్ట్ ముందువైపు అద్దాలకు అడ్డమొస్తోందట, తీసేయమన్నాడు యజమాని.

“డక్ట్ తీస్తే హుడ్ కూడా పోతుంది. మూసిన చోట నూనె కాగుతుంటే, హుడ్ లేకుండా ఎవరూ నిలబడలేరు సార్” అన్నాను.

“ఇన్నేండ్లు కట్టెల పొయ్యి ఊదిన మనిషప్పా ఆమె. పొగ ఆమెకేం కొత్త?”

ఒళ్లు మండింది. అయినా ఏడు హుడ్లు బిగించి, పని పూర్తయిందని సంతకం పెట్టి వచ్చేశాను.

ప్రారంభమైన మూడో రోజు ఫ్యాన్లు చూడటానికి వెళ్లాను. పచ్చిమిరపకాయల తిరగమాత ఘాటులో మార్తమ్మ గోడ పట్టుకుని దగ్గుతోంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

“ఏమప్పా, అందరి పొయ్యిల మీదా గొడుగులుండాయి. నాకెందుకు పెట్టల్యా?”

యజమాని అన్న మాటతో సహా దాచకుండా చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

“రోడ్డు మీద పొగకు ఆకాశముండె. ఈడ యాడికి పోతాది?”

అంతలో యజమాని అతిథులను వెంటబెట్టుకుని వచ్చాడు. “ఇది మన కర్నూలు రుచి” అంటూ ఆమెను చూపించాడు. మార్తమ్మ కౌంటరు తలుపు తీసింది.

“లోపలికి రాప్పా. ఒక్క వాయి అయ్యేదాకా ఈడ నిలబడు.”

నలుగురి ముందు కాదనలేక నవ్వుతూ వెళ్లాడు. బజ్జీలు సగమైనా వేగకముందే కళ్లనీళ్లు కారుతూ, ముక్కుకు రుమాలు పెట్టుకుని బయటపడ్డాడు.

“నేను పొద్దున్నుంచి ఈడనే ఉండా” అందామె. గొంతు పెంచలేదు. పొయ్యి ఆర్పేసింది. “గొట్టం పెట్టేదాకా ముట్టించను.”

ఎందుకు పెట్టలేదని అతిథుల్లో ఒకాయన నన్నడిగాడు. అద్దాలు బాగా కనబడాలని తీయించారని చెప్పాను. రెండు రోజులకు హుడ్, డక్ట్ పెట్టమని కబురొచ్చింది, వెళ్లి బిగించాను.

ఏడాది తిరిగాక ఆమె ఒప్పందం పొడిగించలేదు. కౌంటరు చూడటానికి బాగాలేదన్నారు. ప్రకటనల్లో ఆమె ఫొటో వేసుకున్నప్పుడు మాత్రం బాగుంది! మార్తమ్మ రోడ్డవతల చిన్న గది తీసుకుని పొయ్యి పెట్టుకుంది. జనం రోడ్డు దాటి మరీ వెళ్లారు.

ఆ తర్వాత ఏ వంటగదికైనా, వండేవాళ్ల చేత పొయ్యి ముట్టించి, పక్కన కాసేపు నిలబడ్డాకే సంతకం పెడుతున్నాను. హుడ్ వద్దన్నవాళ్లతో అక్కడికక్కడే గొడవ పడుతున్నాను. కొన్ని పనులు చేజారాయి, జారనీ. డ్రాయింగులో పొయ్యి గీస్తాం, దాని ముందు నిలబడే మనిషిని గీయం. ఆ మనిషి తరఫున అడగాల్సింది నేనే. ఆ రోజు నేను గట్టిగా అడగనందుకే మార్తమ్మ మూడు రోజులు దగ్గింది.