దొరికిందా అని అడిగే పిన్ని

మా ఎదురింటి పిన్ని పోయింది. మంగళవారం పొద్దున సాక్చి బజారులో ఒక దుకాణం లెక్కలు రాస్తుండగా చిన్నాన్న ఫోన్ చేశాడు. "మీ పిన్ని ఎల్లిపోనాది రా," అన్నాడు. ఆ రోజు లెక్క సగంలోనే ఉండిపోయింది.

మాకు చుట్టరికం లేదు. బర్మామైన్స్ పేటలో మా ఇళ్లు ఎదురెదురు, రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవే, అంతే. ఆమె రైల్వే స్టేషన్లో విచారణ కిటికీ దగ్గర పనిచేసి రిటైరయింది. ఈ హిందీ ఊళ్లో జనం దాన్ని పూఛ్‌తాఛ్ అంటారు. ఆ రోజుల్లో ఎప్పుడైనా స్టేషన్‌కి వెళ్తే ఆమెను చూసేవాణ్ని. దారి చెప్పి ఊరుకునేది కాదు. కిటికీలోంచి మెడ చాచి, ఆ మనిషి సరైన మెట్లు ఎక్కేదాకా చూసేది.

నేను బడిలో చదివింది తక్కువ. లెక్కలు రాయడం దుకాణాల్లో కూర్చుని నేర్చుకున్నాను, కంప్యూటరూ అలాగే. కొన్నేళ్ల కిందట ఒక ఉచిత లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి తయారుచేస్తారు, లోపలి రాతంతా అందరికీ తెరిచి ఉంచుతారు. ఇబ్బంది వస్తే వాళ్ల సైట్లో అడగాలి. అడిగాను. తప్పు చోట అడిగానట. "ఇది ప్రోగ్రాంలో లోపాలు నమోదు చేసే చోటు. నియమాలు చదివి రండి," అని ఎవరో రాశారు. సైట్ మూసేశాను. మాట్లాడటం మొదటినుంచీ తక్కువ, మళ్లీ అక్కడ నోరు విప్పలేదు.

పిన్నికి చెబితే కోపం వచ్చింది, నా మీద కాదు.

"అన్ని ప్లాట్‌ఫారాలు కట్టి పూఛ్‌తాఛ్ ఎట్టలేదేటి? అదేం స్టేషన్రా?"

ఆ కోపంతోనే ఆ సైట్లో చేరింది. నిర్వాహకులను వదలకుండా అడిగి కొత్తవాళ్లు వచ్చి రాసుకోవడానికి అందులోనే ఒక గది తెరిపించింది. టిఫినయ్యాక ముందుగదిలో కంప్యూటర్ దగ్గర కూర్చుని, వాడుకలో సందేహాలు ఎక్కడ అడగాలో, మొదటి పాఠాలు ఎక్కడ ఉన్నాయో, అనువాదాలు చేసేవాళ్లు ఎక్కడ కలుస్తారో ఓపిగ్గా తెలుసుకుంది. మొదట్లో పాత అలవాటు పోక, వచ్చినవాళ్లందరినీ "ఎక్కడికి వెళ్లాలి?" అని అడిగేది. కేరళ నుంచి వచ్చిన ఒకాయన తికమకపడి తన ఊరి పేరు రాశాడు. పిన్ని ఆగకుండా ఏ రైలెక్కాలో, ఎక్కడ మారాలో చెప్పేసింది. చిన్నాన్న ఆ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు. "రైల్వే వోలు రిటైర్ చేసినారు గాని, ఇది అవలేదు రా."

ఒకసారి అడిగాను, "నువ్వే జవాబు చెప్పేయొచ్చు కదా పిన్నీ?"

"నాకు తెలిత్తే గదా! తెలిసినోలు ఎక్కడ కూకుంటారో తెలుసు. అది చాలదేటి?"

ఎవరి తరఫునా తాను అడిగేది కాదు. తెర మీద కనబడుతున్నది ఉన్నదున్నట్టు వాళ్ల చేతే రాయించి, సరైన చోటికి పంపేది. మర్నాడు మళ్లీ పలకరించేది, "దొరికిందా?" అని. దొరికిందన్నాకే ఇంకో పని.

ఆసుపత్రిలో ఆఖరిసారి చూసినప్పుడు గొంతు బాగా తగ్గిపోయింది. తన గదికి వచ్చిన, పర్సుడీహ్‌లో బట్టలు కుట్టే ఒకావిడ గురించి చెప్పింది. కంప్యూటర్ మార్చాక ఆమె పాత లెక్కలు తెరుచుకోవడం లేదట.

"ఆ అమ్మికి దొరికిందో లేదో..."

"చూస్తాన్లే పిన్నీ."

"చూడ్డం కాదురా. అడుగు."

దహనం అయిన మర్నాడు చిన్నాన్న పిలిచాడు. ఆమె ఆసుపత్రికి వెళ్లిన రోజు నుంచీ కంప్యూటర్ ఆపలేదు, వచ్చి కట్టెయ్యమన్నాడు. వెళ్లి ఆమె కుర్చీలో కూర్చున్నాను. తెర మీద ఆ గదే ఉంది. అడుగున పర్సుడీహ్ ఆవిడ రాసిన మాటలు: "ఆంటీ, అక్కడ ఎవరూ పలకలేదు. ఉన్నారా?" దాని కింద, "ఇక వదిలేస్తాను. అన్నీ తీసేసి మళ్లీ మొదట్నుంచి రాసుకుంటాను."

తీసేస్తే ఆమె పాత లెక్కలు ఇక రావు. పిన్ని పేరుతో రాయడానికి మనసొప్పలేదు. నా ఫోన్లో ఆ గది తెరిచాను. రాసి చెరిపాను, మళ్లీ రాశాను. చివరికి నా పేరుతోనే పంపాను. "ఏమీ తీసేయకండి. జవాబు దొరికిందా?"

"లేదు," అని వచ్చింది.

తెర మీద ఏం కనబడుతోందో రాయమన్నాను. రాసింది. పిన్ని అయితే ఏం అడిగేదో తలచుకుంటూ ఒక్కొక్కటే అడిగాను. చిన్నాన్న వెనక నిలబడి చూస్తున్నాడు. ఆమె చెప్పినదంతా ఒకచోట చేర్చి, ఆమె చేతే సరైన చోట పెట్టించాను. జవాబు నాకు తెలియదు. తెలిసినవాళ్లు అక్కడ ఉన్నారు, వాళ్లలో ఒకరు పలికారు.

మర్నాడు నేనే మళ్లీ అడిగాను. "మిల్ గయా భయ్యా," అంది. దొరికిందట, ఒక్క లెక్కా పోలేదట. వెంటనే ఇంకో మాట వచ్చింది. "ఆంటీ ఏరీ?"

చెప్పాను. అది కూడా నేనే చెప్పాల్సి వచ్చింది. ఆ గదిలోకి ఒక్కొక్కరే వచ్చారు. పిన్ని తమను ఎక్కడికి పంపిందో, అక్కడ ఏం దొరికిందో రాసి వెళ్లారు. కేరళాయన తన ఊరి పేరొక్కటే రాశాడు.

ఆ సాయంత్రం కంప్యూటర్ ఆపబోయాను. చిన్నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీరా. ఎవులైనా వత్తారేమో."

గేటు వేసి రోడ్డు దాటి, వెనక్కి తిరిగి చూశాను. ముందుగదిలో లైటు వేయలేదు. కిటికీ ఊచల మధ్య నుంచి ఆ తెర వెలుగు వీధిలోకి పడుతోంది. కుర్చీ ఖాళీగా, కొంచెం తలుపు వైపుకి తిరిగి ఉంది.